ఇంటి నక్షా



ఏ పెద్దవారి పేరిట ఈ ఉపన్యాసపు ధర్మనిధి నెలకొన్నదో, వారి నామధేయమును అధ్యక్షులవారు ఇదివరకే సగౌరవముగా ఉచ్చరించియున్నారు. శిష్యులమైన మాకు వారు ఎన్నడును ‘డ్రాయింగు మాస్టారు’ మాత్రమే గనుక, ఆ పిలుపుతోనే నేటి ప్రసంగమును సాగించుటకు మీ యనుమతిని వేడుచున్నాను. మాస్టారు క్రొత్తగా తరగతిలో చేరిన పిల్లలచేత ఆకును, కుండను, మామిడిపండును వ్రాయింపక, మొట్టమొదట వారి వారి ఇండ్లను వ్రాయించెడివారు. అదియును వీధిలో నిలిచి చూచినట్లు తలుపును కిటికీలును గల ఇల్లుగా గాక, పైకప్పును ఎత్తి ప్రక్కన పెట్టి ఆకాశమునుండి పక్షి చూచినట్లు, అరుగెక్కడ, గడప యెక్కడ, మండువా యెక్కడ, పొయ్యి యే మూలనున్నది, నీళ్ళకాగు ఏ గోడప్రక్క నున్నది అని గుర్తులు పెట్టుచు, ఇంటి నక్షాగా వ్రాయవలెను. కొలబద్దతో పని లేదు. ఇంటిలో అడుగులతో నడచి కొలిచి, ఆ లెక్కను మనసున నిలుపుకొని రావలెను. ఆ వయస్సున అది మాకొక ఆటవలె తోచినది. అదియెంత గంభీరమైన విద్యయో నాకు తెలిసివచ్చుటకు దాదాపు నలువది యేండ్లు పట్టెను. తెలియజెప్పినది అలీగఢ్‌లో పుట్టి, లండనులో కన్నుమూసిన జరీనా అను చిత్రకారిణి.

మనుష్యుడు తానెవ్వడు, తనది ఏ చోటు, ఆ చోటు తనను తనవానిగా ఒప్పుకొన్నదా లేదా అను ప్రశ్నలు నేటి చిత్రకళలో నలుదెసల వినవచ్చుచున్నవి. వానిని గొంతెత్తి అడిగినవారు కలరు, రక్తవర్ణముతో అడిగినవారు కలరు, తమ శరీరమునే చిత్రఫలకముగా నిలిపి అడిగినవారును కలరు. వారియెడ నాకు గౌరవమునకు కొరత లేదు. అయినను నేటి ప్రసంగమునకు నేను జరీనాను ఎన్నుకొనుటకు కారణము, ఇంతటి వేదనను ఇంత తక్కువ గీతలతో చెప్పినవారు ఆమెకంటె వేరొకరు నాకు కనబడకుండుటయే.

ఆమె 1937లో జన్మించెను. తండ్రి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమున చరిత్రాచార్యుడు. ఆ విశ్వవిద్యాలయమునందే ఆమె గణితము చదివి 1958లో పట్టభద్రురాలయ్యెను. ఈ గణితశాస్త్రాధ్యయనమును మీరు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. ఏలయన ఆమె చిత్రములలోని కోణము, సమాంతరరేఖ, ఖాళీస్థలము, ఇవన్నియు అలంకారార్థము గాక, ఒక సిద్ధాంతమును నిరూపించువాని నిష్ఠతో పడినవి. భర్త విదేశాంగశాఖలో ఉద్యోగి యగుటచే ఆమె జీవితము బాంకాకుతో మొదలిడి పారిసు, ఢిల్లీ, బాన్, టోక్యో మున్నగు నగరముల మీదుగా సాగిపోయెను. అచ్చుచిత్రముతో తొలిపరిచయము బాంకాకులోనే. ఆమె ఇట్లు దేశములు తిరుగుచుండగనే, 1959లో, తల్లిదండ్రులు అలీగఢ్ విడిచి కరాచీకి తరలిపోయిరి. సెలవులకు తిరిగి వచ్చిన బిడ్డకు పుట్టినిల్లు సరిహద్దు కావలికి వెళ్ళిపోయియుండుట ఎట్టిదో ఊహింపుడు. దేశము విభక్తమై అప్పటికి పండ్రెండేండ్లు. చరిత్రగ్రంథములలో ఆ ప్రకరణము ముగిసినది, ఆ కుటుంబమునకు మాత్రము అప్పుడే మొదలైనది.

1964 మొదలు 1967 వరకు ఆమె పారిసునగరమున ‘అటెలియే 17’ అను శిల్పశాలలో పనిచేసెను. ఇంగ్లండు దేశీయుడైన హేటరు నెలకొల్పిన ఆ శాల, ఒకప్పుడు తాను కాపురమున్న వీధిలోని ఇంటి నంబరునే తన పేరుగా ధరించినది. ఇండ్లను గూర్చియే జీవితమంతయు చింతించిన యొక చిత్రకారిణి తన విద్యను ఇంటి నంబరే పేరుగాగల చోట నేర్చుట నాకు ఎప్పుడును మనసున మెదలుచుండును. ఆ సంవత్సరములలో హేటరునకు సహాధ్యక్షుడుగా ఆ శాలను నడపుచుండినవాడు మన చిత్తూరు జిల్లా నందనూరున 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతనమున నందలాల్ బోసు శిష్యుడై, లండనులో హెన్రీ మూరు వద్ద శిల్పము నేర్చి పారిసు చేరిన ఈ తెలుగువాడు, పలుచని సిరా చిక్కని సిరాతో కలియదను ధర్మమును పట్టుకొని, మెత్తని రోలరు పల్లములకు దిగును, గట్టి రోలరు మిట్టలపైననే సాగును అను ఇంకొక ధర్మమును దానికి జతచేసి, ఒకే లోహఫలకముపై అనేకవర్ణములను నిలిపి ఒకే అచ్చుదెబ్బతో కాగితమున కెక్కించు పద్ధతిని పెంపొందించిన వారిలో అగ్రగణ్యుడు. ప్రపంచమందలి అచ్చుచిత్రకారులెందరో ఈనాటికిని నేర్చుకొనుచున్న ఈ ప్రక్రియ వెనుక ఒక రైతుబిడ్డ చేతులున్నవని మన పాఠ్యపుస్తకములలో ఎక్కడను కానరాదు; ఇది నన్ను బాధించును. 1968లో పారిసు విద్యార్థులు వీధులకెక్కినపుడు ఆయన చెక్కిన ‘ప్రదర్శనకారులు’ అను చిత్రము, ఊరు విడిచి వచ్చినవాడు పరాయినగరపు ఆవేశమును తనదిగా చేసికొనుటకు సాక్ష్యము.

కృష్ణారెడ్డి రంగులను రాశిగా పోసెను. అదే శాలలో నేర్చిన జరీనా నడచిన త్రోవ వేరు. ఆమె రంగులను ఒక్కొక్కటిగా విడిచి, కడకు నలుపు, కాగితపు తెలుపు, ఈ రెండింటితోనే అధికభాగము కృషి సాగించెను. ఢిల్లీలో నుండగా ఆమె ఇంజనులేని విమానమును నడపుట నేర్చినదట. ఆ మాట చదివిననాడు నాకు డ్రాయింగు మాస్టారి పక్షిచూపు తలపునకు వచ్చినది. నేల మీద నుండువానికి గోడలు కనిపించును. ఆకాశమునుండి చూచువానికి గోడలు రేఖలై, ఇల్లు లెక్కయై, ఊరు లిపియై కనిపించును. 1974లో టోక్యోలో యోషిదా శిల్పశాలయందు ఆమె చెక్క అచ్చువిద్యను అభ్యసించెను. అటుపిమ్మట 1976 ప్రాంతమున న్యూయార్కునగరము చేరి, ఆ మరుసటి సంవత్సరమే భర్తృవియోగమునకు గురియై, ఆ నగరమునే మూడుపదుల యేండ్లకు మించి నివాసముగా చేసికొనెను. కుటుంబనామమును విడిచి ‘జరీనా’ అను ఒక్క పేరుతోనే తన చిత్రములపై సంతకము చేసెను.

చెక్క అచ్చు అనగా నేమో మన ప్రాంతమువారికి బోధింపనక్కరలేదు. పెడనలో టేకుచెక్కపై కలంకారీ అచ్చులు చెక్కువారి యెదుట ఒక పూట కూర్చుండినవారికి తెలియును: అచ్చుపడవలసిన గీతను ఉలి తాకదు, దాని చుట్టునుగల చెక్కనంతయు ఉలి తొలగించును. ఒక సన్నని తీగ బట్టపై పడుటకు దాని కిరుప్రక్కల చెక్క యంతయు రజనై నేలరాలవలెను. ఈ ధర్మమును జరీనా ఏ తీరున వినియోగించెనో చూడుడు. 2001లో ఆమె చేసిన ‘విభజనరేఖ’ అను చిత్రమున భారత పాకిస్తానముల నడిమి సరిహద్దు తప్ప వేరేమియు లేదు. ఊరు పేరు లేదు, నది లేదు, దేశముల రంగు లేదు. తెల్లని కాగితముపై వంకరలు తిరుగుచు దిగిన ఒక నల్లని గీత, దానికిరువైపుల ఉలిపోట్లు మిగిల్చిన చిన్నచిన్న నల్లని గుర్తులు. గీత నిలుచుటకై రెండు దేశముల నేలను ఆమె తన చేతులతో చెక్కివేయవలసి వచ్చినది. రాడ్‌క్లిఫ్ అను న్యాయవాది, అంతకుముందెన్నడును ఈ దేశమున అడుగిడనివాడు, 1947 జూలై 8వ తేదీన వచ్చి, అయిదు వారముల వ్యవధిలో ఆ రేఖను గీసెను. అది ప్రకటింపబడినది స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, ఆగస్టు 17వ తేదీన. ఆయన గీతకు సిరా, కాగితము చాలినవి. జరీనా గీతకు ఉలియు, మణికట్టు నొప్పియు, దినములకొలది శ్రమయు కావలసివచ్చినవి. ఆ రేఖను గీయుటకు తనకు పటమును చూడవలసిన యవసరము కలుగలేదని, అది తన హృదయముపై గీయబడియేయున్నదని ఆమె చెప్పుచుండెడిది.

ఆ చిత్రముల యెదుట నిలిచిన వానికి, లేదా నావలె గ్రంథములలోని ప్రతికృతులతో తృప్తిపడినవానికి, దుఃఖము వెంటనే తగులదు. మొదట తగులునది నిశ్శబ్దము. పటము వలె చదువబోయి, పటమున ఉండవలసిన సమస్తమును లేకపోవుటను గుర్తించి, ఆ లేమియే విషయమని తెలిసికొనునప్పటికి, చూచువాడు ఆ గీతకు ఏదో యొక ప్రక్కన నిలబడియుండును.

1999లో ముగించిన ‘ఇల్లు ఒక పరదేశము’ అను ముప్పదియారు చెక్క అచ్చుల సంపుటి ఆమె కృషికంతకును నడిబొడ్డు వంటిదని నా యభిప్రాయము. ఆమె మొదట చిత్రములను వేసి పిదప వానికి పేర్లు పెట్టలేదు; మాటలే ముందు పుట్టినవి. ఇల్లు, గడప, తలుపు, ముంగిలి, గోడ, ఆకాశము, వాన, దూరము, కాలము, భాష అను తీరున ఉర్దూపదముల పట్టికను సిద్ధపరచి, దానిని పాకిస్తానమునకు పంపి, నస్తాలిక్ లిపిలో వ్రాయగల లేఖకునిచే అందముగా వ్రాయించి తెప్పించుకొని, ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క రేఖాకృతిని కట్టెను. తొలి పలక అలీగఢ్ ఇంటి నక్షా. పిదప గడప, దూరము, ఆకాశము, కాలము ఒక్కొక్కటియు కొలది రేఖలకు, వృత్తములకు, నలుపుతెలుపుల పంపకమునకు ఒదిగిపోవును. నక్షా తెలిసినవానికే ఆ యింటి వాన చప్పుడు వినబడును. తెలియనివానికి అవి రేఖలు.

ఆ పదములు ఉర్దూపదములు గదా, తెలుగువారికి వానితో నేమి యని సంశయించువా రుండవచ్చును. ఇప్పుడు నేను ‘సరిహద్దు’ అను మాటను ఎన్నిమారులు వాడితినో లెక్కింపుడు. అది ‘సర్‌హద్’ అను పారసీకపదము ఉర్దూద్వారా మన యింటికి వచ్చి, మన నాలుకకు అనుగుణముగా రూపు మార్చుకొని నిలిచిన మాట. ‘హద్దు’ అదే. తెలంగాణమున నేటికిని తలుపును దర్వాజ యందురు. ఈ ప్రసంగమునకు నేను పెట్టిన పేరులోని ‘నక్షా’ సహితము ఆ త్రోవనే వచ్చినది. ఏ రెవెన్యూ కచేరీకి పోయినను గ్రామనక్షా యని అడుగకున్న కాగితము చేతికి రాదు. ఒక భాష వేరొక భాషకు హద్దునే ఋణముగా ఇచ్చిన వింత ఇది. హైదరాబాదు పాతనగరమున, కరాచీలో చుట్టరికములు నిలిచియున్న కుటుంబములు ఎన్నియో కలవు. ఆ ముంగిళ్ళలో పెద్దమ్మ పెండ్లికి పోలేకపోయిన కథ, తండ్రి అంత్యక్రియలకు వీసా దొరకని కథ వినబడుచునే యుండును. జరీనా మాటలపట్టిక వారికి అర్థము చెప్పనక్కరలేనిది.

స్త్రీకి ఇల్లు అను విషయమును గూర్చి మన భాషకు తెలిసినంత లోతుగా తెలిసిన భాషలు తక్కువయని నేను తలంతును. పుట్టినిల్లు వేరు, మెట్టినిల్లు వేరు. పురుషునికి ఈ రెండు మాటలును అక్కరలేదు, ఆతనికి ఇల్లు ఇల్లే. కూతురు పుట్టినింటికి చుట్టపుచూపుగా వచ్చును. మెట్టినింట ఆమెను ఫలానా యూరి కోడలని పిలుతురు. ఏ దేశవిభజనయు జరుగకముందే ప్రతి యాడుబిడ్డయు ఒక చిన్న హద్దును దాటి పోవుచున్నదనుట అతిశయోక్తి గాదు. 1994లో జరీనా చెక్కిన ‘నాన్నగారి యిల్లు’ అను చిత్రమున ఇంటి నక్షాయు, గదుల పేర్లును ఉర్దూలో కలవు. 1997లో ‘నేను కట్టుకొన్న ఇండ్లు’ అను తొమ్మిది చిత్రముల వరుసలో తాను కాపురమున్న నగరములందలి ఇండ్ల నక్షాలను గీసెను. మొదటిదానిని ఒక తండ్రి కట్టెను, తక్కిన తొమ్మిదింటిని ఆమె తానే కట్టుకొన్నానని చెప్పినది. ఈ క్రియాపదమునందే యొక స్త్రీ ఆత్మగౌరవము వెలుగుచున్నది. ఇది కేవలము నా కల్పన గాదు. 1980లో న్యూయార్కున స్త్రీలు నడపు ‘ఎ.ఐ.ఆర్.’ చిత్రశాలయందు, ఆనా మెందియేతా, కజుకో మియామోతో అను చిత్రకారిణులతో గూడి, అమెరికాలోని తృతీయప్రపంచ స్త్రీకళాకారుల ప్రదర్శనమును ఏర్పరచినవారిలో జరీనా యొకతె. తెల్లజాతి స్త్రీల ఉద్యమములోను తమకు గడప బయటి స్థానమే దొరికినదని వారికి తెలియును.

ఒక ఆక్షేపణకు ఇచట సమాధానము చెప్పుట నా విధి. ఉన్నతోద్యోగి భార్యయై నగరములు మారిన స్త్రీ యిల్లు పోగొట్టుకొనుటయు, లారీలోనికి మూటలెక్కించి ఊరు విడిచినవారు ఇల్లు పోగొట్టుకొనుటయు ఒకటేనా యని అడుగువారి ప్రశ్న న్యాయమైనది. ఒకటి గాదు. కాని, ఆమె తన నష్టమును గొప్పచేసి చూపలేదని, దానిని కొలమానముగా చేసికొని పరుల నష్టమును కొలిచెనని నేను మనవి చేయుచున్నాను. 2003లో ఆమె తొమ్మిది నగరములను తొమ్మిది పలకలుగా చెక్కెను: గ్రోజ్నీ, సరాయెవో, స్రెబ్రెనిత్సా, బేరూత్, జెనిన్, బాగ్దాదు, కాబూల్, అహమ్మదాబాదు, న్యూయార్కు. మంటలు లేవు, శవములు లేవు. నగరముల నక్షాలే కలవు. న్యూయార్కు పలకపై, నల్లని నడుమ రెండు సన్నని తెల్లని నిలువుగీతలు మాత్రమే. స్వదేశమునందలి నగరమును, తాను నివసించు నగరమును, తానెన్నడును నివసింపని నగరములను ఒకే కొలతగల కాగితముపై, ఒకే సిరాతో నిలిపి, ఏ మృతుని ఎక్కువ చేయక, ఏ మృతుని తక్కువ చేయక ఆమె చూపిన ఈ సమదృష్టి, ధర్మాసనమునందును అరుదు.

2011లో వెనీసునగరపు అంతర్జాతీయ కళాప్రదర్శనమున భారతదేశము తొలిసారిగా తన మండపమును నెలకొల్పినపుడు, అందు పాల్గొన్న కొలదిమందిలో ఆమె యొకతె. దశాబ్దములు విదేశమున నివసించి, తల్లిదండ్రుల ఊరు పరదేశమైపోయిన స్త్రీని దేశము తన ప్రతినిధిగా పిలుచుటలోని ఔచిత్యమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అటుపిమ్మట 2012లో లాస్ఏంజెలెసునను, 2013లో న్యూయార్కు గుగ్గెన్‌హైము ప్రదర్శనశాలయందును ఆమె సమగ్రకృషికి ప్రదర్శనములు జరిగినవి. కాగితము చర్మము వంటిదను భావము ఆ ప్రదర్శనపు పేరులో కలదు. అది తగిన పేరు: కాగితమును ఆమె సూదితో పొడిచెను, గుజ్జుగా పోతపోసి గోడలవలె నిలిపెను, మడిచెను, గాయపడి, ముదిసి, మరక పట్టి, మనవలె నుండు పదార్థము మరియొకటి లేదని ఆమె విశ్వాసము.

ఇక ‘ఇంటినుండి ఉత్తరములు’ అను ఎనిమిది అచ్చుల సంపుటిని గూర్చి చెప్పి ముగించుటకు ముందు, దానిని చూచిన ప్రతిసారియు నా కన్నులు తడిసినవని ఒప్పుకొనుటకు సంకోచింపను. జరీనాకు రాణీ యను అక్క యుండెను, కరాచీలో కాపురము. తల్లిదండ్రుల మరణమును, ఇల్లు అమ్ముడుపోవుటను, బిడ్డలు ఎగిరిపోవుటను ఆమె చెల్లెలికి ఉర్దూలో ఉత్తరములుగా వ్రాసెను గాని, పోస్టు చేయలేదు. దూరముననున్న చెల్లెలి మనసును నొప్పించుటకు చేతులు రాలేదు కాబోలు. ఏండ్లు గడచిన పిమ్మట ఆ కట్టను చెల్లెలి చేతికిచ్చెను. 2004లో జరీనా ఆ చేతివ్రాతను లోహఫలకములుగా చేయించి అచ్చువేసి, వానిపై ఇంటి నక్షాలను, నగరపటములను చెక్క అచ్చులతో అద్దెను. కొన్ని పలకలలో నక్షా అక్షరములను మూసివేయును. కొన్నింటిలో అక్షరములు నక్షా గోడలనుండి లోనికి కారుచున్నట్లుండును. అందరును చదువలేని యుత్తరములవి. చెల్లెలు మాత్రమే చదువవలసినవి. చదువలేని మనకు, ఆ వంపులలో ఒక స్త్రీ చేతి కదలిక తెలియును, అంతియే చాలును.

జరీనా 2020 ఏప్రిల్ 25వ తేదీన పరమపదించెను. కృష్ణారెడ్డి అంతకు రెండేండ్ల క్రిందట, 2018లో, న్యూయార్కున.

మరల డ్రాయింగు మాస్టారి కడకు వత్తును; మా తరగతిలో కొందరు పిల్లలుండిరి. శ్రీశైలము జలాశయపు నీరు ఎక్కుచు వచ్చిన కాలమున, ముంపునకు గురియైన కృష్ణాతీరగ్రామములనుండి చుట్టముల యిండ్లకు చేరినవారు. మాస్టారి నియమము ప్రకారము వారును ఇంటి నక్షా గీయవలెను. వారిలో ఒకడు, ఏ యిల్లు గీయవలెనని లేచి అడిగెను. ఇప్పటిదా, మునిగినదా యని. మాస్టారు కొంతసేపు ఊరకుండి, అడుగులు లెక్కపెట్టిన యిల్లే గీయుమనిరి. ఆ పిల్లవాడు గీసిన నక్షాలో ఇంటికంటె పెరటిలోని వేపచెట్టు రెండింతలు పెద్దదిగా వచ్చినది. చెట్టు చుట్టును తిరిగి లెక్కపెట్టిన అడుగులు వానికి ఎక్కువగా జ్ఞాపకమున్నవి కాబోలు. కొలత తప్పినదని మేము నవ్వితిమి. మాస్టారు మాత్రము ఎఱ్ఱసిరాకలమును బల్లపై నుంచి, ఆ కాగితమును తిరిగి తిరిగి చూచి, వేపచెట్టునకు క్రింద, పడమర యేదో తెలియుటకై, తమ పెన్సిలుతో నొక చిన్న బాణపుగుర్తు మాత్రము గీసి, దానిని పిల్లవానికి తిరిగి యిచ్చిరి.